గుర్రం కాళ్ల కింద ముఖాలు

మా ఆయన, కొయ్య మీద బొమ్మలు చెక్కే ఫైట్, చనిపోయి తొమ్మిది రోజులైంది. ఆ చలికాలం నూరెంబర్గ్‌లో ఇంటింటా మహమ్మారి. నాకు ఏడుపు రాలేదు. రొట్టె నోట్లో పెట్టుకుంటే మట్టి నమిలినట్టుండేది, అంతే. ఆయన చివరగా చెక్కిన కొయ్య దిమ్మెను అచ్చు వెయ్యడానికి, మధ్యాహ్నం మా మరిది లోరెంజ్‌తో కలిసి పనిగదిలోకి వెళ్లాను.

లోకం అంతమయ్యే రోజు, పాలిపోయిన గుర్రమెక్కి వచ్చే మృత్యువు బొమ్మ అది. గిట్టల కింద నలిగే జనం. గదంతా అవిసె నూనె, మసి కలిసిన వాసన. అచ్చుమర కిర్రుమంది. లోరెంజ్ మొదటి కాగితం పైకెత్తి ఆగిపోయాడు.

"వదినా, రొట్టెలమ్మే అపొలోనియాని అన్నయ్య ఇందులో ఎందుకు పెట్టాడు?"

ఆమే. బుగ్గ మీద పుట్టుమచ్చతో సహా. దిమ్మె తడిమి చూశాను. ఆ చోట కొయ్య లోతుగా తవ్వేసి ఉంది. అక్కడ సిరా అంటుకునే వీలే లేదు.

కాసేపటికి వీధిలో ఏడుపులు. కిటికీ తెరిచి ఎవరు పోయారని అడిగాను. అపొలోనియా అన్నారు.

లోరెంజ్ రెండో కాగితం తీశాడు. చాలాసేపు చూసి నవ్వాడు. "అన్నయ్య బతికుండగా నా ముక్కు ఒక్కసారీ సరిగ్గా గియ్యలేదు. ఇప్పటికి కుదిరింది."

తర్వాత గొంతు తగ్గించాడు. "కాల్చేద్దాం వదినా..."

నేను వద్దనలేదు. సాయమూ పట్టలేదు. దిమ్మెను పొయ్యిలోకి తోశాడు. మంట దాని చుట్టూ తిరిగింది కానీ అంటుకోలేదు. కొయ్యకు చెమట పట్టింది. అంతే.

మూడో రోజు లోరెంజ్‌ని పాతిపెట్టారు.

స్మశానం నుంచి వచ్చి దిమ్మెను బూడిదలోంచి తీశాను. సిరా పూశాను. అచ్చు వేశాను. నా ముఖం కోసం.

అచ్చులో ఎదురింటి కవలలు వచ్చారు. మా చర్చి గురువుగారు వచ్చారు. నేను రాలేదు. అచ్చు వేస్తే చస్తున్నారా, చావబోయేవాళ్లే అచ్చులో పడుతున్నారా... ఆలోచించలేదు. ఇంకోటి. ఇంకోటి. వీధిలో చావుగంట ఆగకుండా మోగుతోంది.

చివరి కాగితం మిగిలింది. తీశాను.

గిట్టల కింద ఎవరూ లేరు. గుర్రం నిలబడి ఉంది.

జీను ఖాళీగా ఉంది.

కింద మెట్ల మీద ఎవరో మెల్లగా పిలిచారు. చిన్నప్పుడు మా అమ్మ పిలిచే పేరుతో. ఆ పేరు ఫైట్‌కి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

"వస్తున్నా," అన్నాను.