మూడో అంతస్తులో ఏడుపు

ఆ స్టూడియోలో మూడో అంతస్తు డబ్బింగ్ గదికి మంచి పేరు లేదు.

సాయంత్రం ఏడు దాటితే వాచ్‌మన్ పైకి వెళ్లడు. ఏసీ బాగు చేయడానికి వచ్చినతను పనిముట్లు అక్కడే వదిలేసి దిగొచ్చేశాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లాడట. ఓ కొత్త గాయని పాట సగంలో ఆపి, హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, "నా వెనకాల ఎవరో ఏడుస్తున్నారండీ" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

ఆ ఏడుపు ఎవరిదంటే తలో కథ చెప్పేవాళ్లు. మైకు ముందే ప్రాణం పోయిన ఆర్టిస్టు అని కొందరు. స్టూడియో కట్టకముందు అక్కడున్న ఇంటి ఇల్లాలని ఇంకొందరు. చూసినవాళ్లు లేరు. విన్నవాళ్లు మాత్రం చాలామందే...

ఇది మా పిన్ని చెప్పగా విన్నది.

మా పిన్ని డబ్బింగ్ ఆర్టిస్టు. ఆమె మొహం ఎవరికీ తెలీదు గానీ గొంతు వినని వాళ్లుండరు. అయితే అది మనిషి గొంతని మాత్రం ఎవరూ అనుకోరు. మొదటి సినిమాలో దెయ్యానికి బాగా అరిచింది. అంతే, ముద్ర పడిపోయింది. ఇరవై రెండేళ్లుగా దెయ్యాలకే గొంతిస్తోంది.

ఎప్పుడూ చీకటి పడకముందే పని ముగించేది, ఆ రోజు మాత్రం పొద్దున్నుంచీ అరుస్తూనే ఉంది. రాత్రి ఎనిమిదయ్యేసరికి గొంతు బొంగురుపోయింది, నడుం పట్టేసింది, ఫ్లాస్కులో వేడినీళ్లు అయిపోయాయి. ఇంకా నాలుగు సీన్లు మిగిలాయి. దర్శకుడు ఫోన్ చేసి, "ఇంకొంచెం పగతో ఏడవమనండి" అని పెట్టేశాడు.

అద్దానికి అవతల సౌండ్ ఇంజినీరు ఒక్కడే ఉన్నాడు. అందరూ ఆయన్ని చెవులాయన అంటారు. పక్క వీధిలో పిన్నీసు పడినా వినగలడని పేరు.

"కాసేపు ఆగుదామా అమ్మా?"

"ఆగుదాం. దెయ్యానికి మాత్రం ఊపిరాడొద్దూ."

పిన్ని స్టూలు మీద కూలబడింది. జడ ఊడి భుజం మీద పడితే కట్టుకునే ఓపిక కూడా లేదు.

"చెవులాయనా, ఇన్నేళ్లలో నూరు దెయ్యాలకి గొంతిచ్చి ఉంటానా?"

"ఎక్కువే ఉంటాయి."

"మగ దెయ్యాలకి గొంతిచ్చే ఆయన ఉన్నాడే, ఏడాదికోసారి కనిపిస్తాడు. మగవాళ్లు చచ్చిపోరా ఏంటి?"

"ఎందుకు పోరు? పోతే ఫోటోలై గోడెక్కుతారు."

పిన్ని నవ్వబోయింది. దగ్గొచ్చింది.

"నవ్వులాటకి కాదయ్యా. ఈ సినిమానే చూడు. ఆ పిల్ల బతికున్న సీన్లు మూడే. 'సరేనండీ' అని రెండుసార్లు అంటుంది, 'వద్దండీ' అని ఒకసారి. చంపి గోడలో పూడ్చాక చూడు, పేజీలకి పేజీలు డైలాగు. బతికున్నప్పుడు ఒక్క ముక్క వినని ఇంట్లో, చచ్చాక అందరూ చెవులు రిక్కిస్తారు."

"జనం భయపడదామని వస్తారమ్మా. దానికింత అర్థం ఎందుకు..."

"దేనికి భయపడుతున్నారో చూడు మరి. చంపినవాడు పక్కన కూర్చుని అన్నం తింటుంటే హాల్లో ఎవరికీ భయం వెయ్యదు. చచ్చిన పిల్ల నోరు విప్పితే వణుకుతారు. చివరికేం చేస్తారు? మంత్రగాణ్ణి పిలిచి ఆ నోరు మూయిస్తారు. అమ్మయ్య అనుకుని అందరూ ఇళ్లకి పోతారు." కాస్త ఆగి, "నేనూ పోతాను. నాకు ఇంకో పని రాదుగా" అంది.

చెవులాయన రికార్డింగు ఎర్ర లైటు వెలిగించాడు.

పిన్ని ఏడ్చింది. పగతో, సాగదీసి, గది అదిరేలా ఏడ్చింది. సీను అయిపోయింది. నోరు మూసింది.

ఏడుపు ఆగలేదు.

హెడ్‌ఫోన్స్‌లో సన్నగా... ఎక్కడో లోపల్నుంచి... ఇంకా వినిపిస్తూనే ఉంది. పిన్ని గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. కదలిక లేదు.

"వినపడుతోందా?" అని గుసగుసగా అడిగింది.

ఆయన తలెత్తలేదు. "వస్తుంటుందమ్మా... రెండేళ్ల నుంచీ. ఏమీ చేయదు. పట్టించుకోకండి, దానంతటదే ఆగిపోతుంది."

పిన్ని హెడ్‌ఫోన్స్ తీయబోయింది. లేచి వెళ్లిపోదామనే అనుకుంది. కానీ ఇరవై రెండేళ్ల అలవాటు... ఏడుపు చెవిన పడితే దాని కొలత తీయకుండా ఉండలేదు. కళ్లు మూసుకుని వింది.

"ఇది దెయ్యం కాదు" అంది.

"ఎలా చెప్తారు?"

"దెయ్యం అందరూ వినాలని ఏడుస్తుంది. నేను చేసేదదే. ఇది ఎవరికీ వినపడకూడదని ఏడుస్తోంది. నోట్లో గుడ్డ కుక్కుకుంటే ఊపిరి ఇలాగే తెగి తెగి వస్తుంది." ఆయన మొహం చూసి, "నాకెలా తెలుసని అడక్కు" అంది.

ఆ గది వెనకాల పాత మైకు స్టాండ్లు పడేసే స్టోరు ఉంది. పిన్ని ఫోన్ లైటు వేసుకుని వెళ్లింది. వద్దమ్మా, వద్దమ్మా అంటూనే చెవులాయన వెంట వచ్చాడు.

చప్పుడు రాకుండా గోడకి అంటించిన స్పాంజి షీట్లు మూలన ఊడి వేలాడుతున్నాయి. ఏడుపు ఆ మూల నుంచే వస్తోంది. షీటు లాగితే వెనక చెక్క. ఆయన స్క్రూడ్రైవరు తెచ్చి స్క్రూలు విప్పాడు — ఒకటి... రెండు... నాలుగు. చెక్క వెనక తుప్పు పట్టిన కిటికీ.

పిన్ని గడియ లాగింది.

ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్క బిల్డింగు గోడ. అందులో ఊచలున్న చిన్న బాత్రూం కిటికీ. లోపల చీకటి. పిన్ని లైటు ఎత్తింది.

ఊచల వెనక రెండు కళ్లు.

ఇరవై రెండేళ్లు అరిచిన మా పిన్నికి అప్పుడు గొంతు పెగల్లేదు. అవతలి మనిషే ముందు మాట్లాడింది — గాలంత సన్నగా.

"నువ్వేనా... రోజూ అరిచేది? నన్నేమీ చేయకు."

పిన్ని లైటు తన మొహం మీదికి తిప్పుకుంది. 

"నేను మనిషినేనమ్మా" అంది. "ఇది సినిమాలకి గొంతిచ్చే చోటు. ఆ అరుపులు నా పని."

అవతల బాత్రూం లైటు వెలిగింది. తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది ఆ అమ్మాయి. పాతికేళ్లుండవు. పక్కది దెయ్యాల కొంప, చప్పుడు వినపడితే పట్టుకుంటుందని భర్త చెప్పాడట. రాత్రి డ్యూటీకి వెళ్తూ బయట తాళం వేసుకుపోతాడు, నీ మంచికేనంటాడు. ఫోన్ ఉంచడు. ఉదయం వచ్చాక కొడతాడు. పెళ్లై వచ్చి రెండేళ్లు.

"ఒక్కసారైనా గట్టిగా పిలవకపోయావా తల్లీ, ఇన్ని రోజులూ మేమిక్కడే ఉన్నాం."

"గట్టిగా ఏడిస్తే నీకు వినపడుతుందని... గుడ్డ పెట్టుకునేదాన్ని."

ఆ మాట నాకు చెప్పేటప్పుడు పిన్ని నా వైపు చూడలేదు. "ఆ పిల్లని లోపల ఉంచింది తాళం ఒక్కటే కాదే, నా గొంతు కూడా" అంది.

అక్కగారి నంబరు ఆ అమ్మాయికి నోటికి గుర్తుంది. పిన్ని ఊచల సందులోంచి తన ఫోన్ అందించింది. రెండు గంటల్లో అక్కా బావా ఆటో దిగారు. ఎప్పుడూ పైకి రాని వాచ్‌మన్ ఆ రాత్రి ఇనుప కడ్డీ పట్టుకుని పక్క బిల్డింగు మెట్లెక్కాడు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు అడ్డం నిలబడి, మొగుడూపెళ్లాల గొడవలో మీరెవరు అన్నాడు. మిగిలిన మూడు సీన్ల కోసం దాచుకున్న గొంతు పిన్ని అక్కడ తీసింది. అన్నది రెండే మాటలు — "పక్కకి జరుగు." ఆయన జరిగాడు.

తాళం పగిలింది. తెల్లారి భర్త వచ్చేసరికి ఇల్లు ఖాళీ. ఆ అమ్మాయి ఇప్పుడు అక్క దగ్గరే ఉండి బట్టల కొట్లో పని చేసుకుంటోంది. కేసు నడుస్తోంది.

వారం తర్వాత మిగిలిన సీన్లు పూర్తి చేశారు. పని అయ్యాక చెవులాయన లేవలేదు.

"మీకొకటి వినిపించాలమ్మా."

ఏడుపు. తెగి తెగి వచ్చే ఊపిరి. దాని కింద వయొలిన్లు.

"రికార్డింగులో పడితే విడిగా దాచేవాణ్ణి" అన్నాడు. "మీ ఏడుపు కంటే బాగుందనిపించి... మూడు సినిమాల్లో వాడాను. పేరు మాత్రం మీకే వచ్చింది."

"మనిషిదేమోనని ఎప్పుడూ అనిపించలేదా?"

"ఒకసారి అనిపించింది. మనిషిదైతే లేచి వెళ్లాలి కదమ్మా. దెయ్యమనుకుంటే కూర్చోవచ్చు."

పిన్ని ఆయన్ని తిట్టలేదట. ఓపిక లేకపోయింది. ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చేసింది.

ఆ మూడు సినిమాల్లో ఒకటి నేనూ చూశాను, ఇదంతా బయటపడక ముందే. ఆ ఏడుపు రాగానే హాలంతా ఊపిరి బిగబట్టింది. నా పక్కావిడ నా చెయ్యి పట్టేసుకుంది. బయటికొచ్చాక నవ్వుకుంటూ పిన్నికి ఫోన్ చేశాను — నిజంగా ఏడ్చినట్టే ఉంది, ఎలా చేశావు అని.

"ఏమోనే..." అంది పిన్ని అవతల్నుంచి. "ఆ రోజు బాగా అలసిపోయి ఉన్నట్టున్నాను."