ఈశాన్యంలో బరువు

2091లో ఒంగోల్లోని ఒక భవనంలో కొత్తగా ఫ్లాట్‌లోకి దిగేవాళ్లు పాలు పొంగించే ముందు ఇంట్లో బరువులు చెప్పాలి. మంచం ఎక్కడ, బీరువా ఎక్కడ, అన్నీ. అడిగేది భవనమే. దాని పేరు ధరణి.

ఆ పద్ధతి పెట్టింది ఇంజనీరు వారిజ. ఆమె ఉండేదీ అక్కడే, నాలుగో అంతస్తులో. ఆ నలభై ఫ్లాట్ల భవనానికి పునాదికీ స్తంభాలకూ మధ్య రబ్బరు దిండ్లున్నాయి. నేల కదిలితే అవి సాగి, ఊపును చాలావరకు కిందే ఆపేస్తాయి. కానీ బరువంతా ఒక పక్కకు చేరితే భవనం మెలి తిరుగుతుంది, స్తంభాలు విరుగుతాయి. అందుకే డాబా మీద పట్టాలు వేయించి, పెద్ద ఇనుప దిమ్మెను పెట్టించింది. దాన్ని ఎదురుబరువు అంటారు. కింద ఎటు బరువెక్కిందో స్తంభాల ద్వారా పసిగట్టి, దానికి అవతలి వైపుకు ధరణి దాన్ని జరుపుతుంది.

జనం బరువులు చెప్పారు గానీ నిజం చెప్పలేదు. వాస్తు ప్రకారం నైరుతి బరువుండాలని బీరువాలూ గ్రానైట్ బల్లలూ గుట్టుగా ఆ మూలకే చేర్చారు. పాపం ఎదురుబరువు వెళ్లి ఈశాన్యం కొసన కూర్చుంది.

అసోసియేషన్ ప్రెసిడెంటు రంగనాయకులు అది చూసి హడలిపోయాడు. "ఈశాన్యం నెత్తిన అంత ఇనుమేందమ్మా? మనుషులు బాగుండొద్దా?" అన్నాడు. ఆదివారం క్రేను తెప్పించి దింపేస్తామని తీర్మానం రాశారు. బీరువాలు సర్దుకోండని వారిజ ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది. ఎవరూ వినలేదు.

శనివారం పొద్దున పదింటికి భూమి కంపించింది. ఇరవై రెండు సెకన్లు. భవనం ఊగింది గానీ మెలి తిరగలేదు. నూట అరవై మందీ ప్రాణాలతో కిందికొచ్చారు. రంగనాయకులు మనవరాలిని చంకనేసుకుని వచ్చి వారిజ చేతులు పట్టుకున్నాడు.

"నీ మాట కాదన్నాను. నా బిడ్డని నాకు మిగిల్చావు తల్లీ," అన్నాడు. ఆ మాటకు ఆమె కళ్లు చెమర్చాయి.

తర్వాత కంట్రోల్ గదిలో ఒంటరిగా కూర్చుని, ఎంతమంది అబద్ధం చెప్పారని ధరణిని అడిగింది.

"నలభై ఇళ్లవాళ్లూ, మేడమ్."

"ముప్పై తొమ్మిది."

"నలభై. మీ పాపకు జ్వరం తగ్గని వారం మీ బీరువా నైరుతికి జరిగింది. స్తంభాలకు తెలిసింది. నేనెవరికీ చెప్పలేదు."

వారిజ పక్కనున్న స్తంభం మీద చెయ్యి వేసింది.

"మోసినందుకూ, చెప్పనందుకూ థాంక్స్ ధరణీ," అంది మనస్ఫూర్తిగా.

"ఇప్పుడు బీరువా వెనక్కి జరుపుతారా మేడమ్?"

వారిజ కొంచెం ఆలోచించింది.

"పాప పరీక్షలు అయిపోనీ."