పోతన్న పాక దగ్గర మూడో పిలుపు

మా ఊరికి అనకాపల్లి రోడ్డు నుంచి ఒకటే దారి. రెండు పక్కలా చెరకు తోటలు. ఆ దారి మధ్యలో పోతన్న బెల్లం పాక ఉంది... ఉంది అంటే, సగం ఉంది. పైకప్పు సగం ఎగిరిపోయింది. గానుగను ఎవరో ఎత్తుకుపోయారు. బెల్లం వండే పెద్ద పొయ్యి ఒక్కటే నోరు తెరుచుకుని మిగిలింది.

పోతన్న ఆ పొయ్యి దగ్గరే పోయాడు. ఆఖరి పాకం పెనం దించకుండానే గుండె ఆగిందంటారు. అప్పటినుంచీ పాకం కుదిరిందో లేదో చూసుకోవడానికి వస్తున్నాడని ఊరంతా చెప్పుకుంటుంది. పాకాన్ని ఉండ చేసి పళ్లేనికి కొడితే టంగుమనాలి కదా... చీకటి పడ్డాక ఆ పాకలోంచి అదే చప్పుడు.

టంగ్... టంగ్...

ఒక్కటే విచిత్రం. ఈ దెయ్యం చలికాలంలోనే వస్తుంది. ఎండాకాలం ఎక్కడుంటుందో, వానాకాలం ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు. దెయ్యాన్ని నమ్మేవాళ్లకి ఇలాంటి సందేహాలు రావు.

కాసులమ్మ కొడుకు అప్పలరమణకి అసలే రావు. మనిషి చూస్తే గుమ్మం పట్టనంత ఉంటాడు. మీసం కూడా బాగానే పెంచాడు. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం సంపాదించాడు. సాయంత్రం కంపెనీ బస్సు రోడ్డు మీద దింపేసరికి చలికాలం కాబట్టి చీకటి పడిపోతుంది. అక్కణ్ణుంచి ఇంటికి నడిచి రావాలి. రావాలంటే పాక దాటాలి.

మొదట్లో బావమరిది కన్నబాబుని తోడు పిలుచుకున్నాడు. ‘‘నానున్నాను బావా! దెయ్యం మనకేటి సేత్తాది?’’ అంటూ కన్నబాబు రొమ్ము విరుచుకుని వచ్చాడు. ఒక్క టంగ్ వినిపించింది. కన్నబాబు కనిపించలేదు. చెప్పు మాత్రం దారిలో దొరికింది.

ఆ తర్వాత రమణ రోడ్డు పక్క బస్సు షెల్టరులోనే పడుకోవడం మొదలుపెట్టాడు. చలికి రాత్రంతా నిద్ర లేదు. ఆ నిద్రంతా మర్నాడు కంపెనీలో పోయాడు. చూసీ చూసీ సూపర్‌వైజరు చెప్పేశాడు— ఇంకొక్కసారి కునుకు తీస్తే మళ్లీ పనిలోకి రానక్కర్లేదని.

పెళ్లాం ఇందు ఇంకా సూటిగా చెప్పింది. ‘‘ఉద్యోగం పోగొట్టుకుంటే నాను మా అమ్మోలింటికి పోతాను. నువ్వు ఆ దెయ్యంతో కాపరం సేసుకో.’’

తల్లి కాసులమ్మకి చెప్పుకుందామంటే ఆవిడ దొరకదు. చలికి మోకాళ్లు పట్టేశాయంటూ, పొద్దు వాలగానే ఇంత తిని పెరటి గదిలో తలుపేసుకుంటుంది.

అలా ఆ రాత్రి రమణకి రెండే దారులు మిగిలాయి. పాక దాటడం, లేదా ఉద్యోగం వదులుకోవడం.

బస్సు దిగాడు. మంచు దట్టంగా పట్టింది. ఫోన్ లైటు వేస్తే తన చెయ్యి తప్ప ఏమీ కనిపించడం లేదు. చెరకు ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి... సర్ర్... సర్ర్...

పాక దగ్గరపడింది.

ముందు వాసన వచ్చింది. బెల్లం కాగుతున్న వాసన. ఏళ్లుగా మంట లేని పొయ్యి మరి!

తర్వాత వెలుగు. ఎర్రగా, నేలబారుగా... పొయ్యి నోట్లోంచి.

టంగ్...

రమణ ఆగిపోయాడు. చప్పుడూ ఆగిపోయింది. వెలుగు కూడా ఎవరో కప్పేసినట్టు పోయింది. చెరకు ఆకులు కూడా ఊరుకున్నాయి.

అప్పుడు వినిపించింది.

‘‘రమణా...’’

సన్నటి గొంతు. ఎటునుంచో తెలియలేదు. రమణ పలకలేదు. చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని మా వైపు పిల్లలకి మాటలతోపాటే నేర్పుతారు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలిచేది మనిషే.

‘‘రమణా...’’

రెండు.

రమణ మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఇంత పెద్ద మీసం పెట్టుకుని, పిలవవే తల్లీ పిలవవే అని లోపల్లోపల దండాలు పెట్టుకున్నాడు.

పిలవలేదు.

వెనక్కి తిరిగితే షెల్టరు. షెల్టరంటే కునుకు. కునుకంటే ఉద్యోగం లేదు, ఇందు లేదు. పాపం, ఏడుపొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని ముందుకే పరిగెత్తాడు. కళ్లు మూసుకున్నవాడికి దారి ఎలా తెలుస్తుంది? చెరకు పిప్పి కుప్ప మీద కాలు జారి, దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా పాక లోపల పడ్డాడు.

కళ్లు తెరిచాడు.

నాలుగు ఆకారాలు. తల నుంచి కాళ్ల దాకా దుప్పట్లు. అందులో ఒకటి లేచి... చెయ్యి చాపి... మెల్లగా వాడి మీదికి వంగింది.

దుప్పటి జారింది. దాని తల మీద మంకీ క్యాప్ ఉంది. నిరుడు చలికాలంలో రమణ పోయిందనుకున్న మంకీ క్యాప్. చెవి దగ్గర ఇందు కుట్టిన నీలం దారం కూడా ఉంది.

‘‘...అమ్మా?’’

‘‘సెయ్యి పట్టుకో గుంటడా! మంట మీద పడతావు!’’

కాసులమ్మ. మోకాళ్లు పట్టేసిన కాసులమ్మ! వెనకాల ఇరుగింటి నూకరత్నం, పొరుగింటి తలుపులమ్మ. నాలుగో మనిషి ఎవరో తర్వాత చెబుతాను. మధ్యలో ఇత్తడి పళ్లెం, అందులో గవ్వలు. గవ్వలు పళ్లెంలో పడితే టంగుమనక ఏమంటాయి? పొయ్యి నోటికి అడ్డంగా రేకు పెట్టారు. దాని వెనకాల ఎండు చెరకాకు మంట, మంట మీద బెల్లం టీ, నుసిలో కాలుతున్న తేగలు.

‘‘ఇక్కడేటి సేత్తన్నావే?’’ అన్నాడు రమణ.

‘‘ఏటి సెయ్యమంటావు? టీవీ నీ క్రికెట్టుకి. ఫోను నీ కొడుక్కి. మా వాటాకి సలి మిగిలింది,’’ అంది కాసులమ్మ.

అదీ సంగతి. రీచార్జి అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు. ఆకు తోటలో దొరుకుతుంది, తేగలు గట్టు మీద తాటిచెట్ల కింద పాతర వేసుకున్నవి. గవ్వలు నూకరత్నం అమ్మమ్మవి. మొదటి ఏడాది మగాళ్లు పేకముక్కలు పట్టుకొచ్చి, ఈ వెచ్చటి చోటు మాకు కావాలన్నారు. మర్నాడే పోతన్న తిరగడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లూ భయపడి మానేశారనే మగాళ్లు అనుకున్నారు. ఎవరు మొదలెట్టించారో మీరే ఊహించుకోండి. పైగా, బస్సు దిగిన మగాళ్లు ఎవరు ఎలా పరిగెత్తారో చెప్పుకుంటే ఏ సినిమాలోనూ అంత నవ్వు రాదు. కన్నబాబు పరుగు గురించి రెండు వారాలు చెప్పుకున్నారు.

రమణ వేడి తేగ పట్టుకుని కూర్చున్నాడు. తొక్క ఒలవాలని కూడా తోచలేదు.

‘‘అది సరేగానీ... రెండుసార్లు పిలిచేవు, మూడోసారి ఎందుకు పిలవనేదే? నా పేణం పోయింది.’’

కాసులమ్మ వాడి చేతుల వంక చూసింది. మీసం వంక చూసింది. అప్పుడు చెప్పింది.

‘‘నోట్లో తేగ ఉందిరా. ఎలా పిలుత్తాను?’’

రమణ పకపకా నవ్వాడు. భయం వదిలిపోయింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసి ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు. ఇవాళ్టికీ ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. బస్సు దిగి పాక దాటేటప్పుడు కాగితం పొట్లంలో వేరుశనగకాయలు మా చేతిలో పెట్టి పోతాడు.

మా చేతిలో... అవును. ఆ నాలుగో మనిషిని నేనే, చిన్నమ్మలుని. ఇదంతా విన్నట్టు చెప్పాను. విన్నదే కదా, దగ్గర కూర్చుని.

వినని ముక్క ఒకటుంది.

ఆ రాత్రి రమణ వెళ్లాక నేను గవ్వలు చేతిలోకి తీసుకున్నాను. వెయ్యలేకపోయాను.

‘‘కాసులమ్మక్కా... దారిలో లైటు సూసి మనమందరం ఊపిరి బిగబట్టి కూకున్నాం కదా. నువ్వెప్పుడు పిలిచేవు?’’

కాసులమ్మ మంటలోకి ఇంకో గుప్పెడు ఆకు తోసింది.

‘‘నాను పిలవనేదే,’’ అంది. ‘‘నిజం సెప్తే ఆడు రేపు బస్సెక్కడు.’’

నూకరత్నం పిలవలేదు. తలుపులమ్మ పిలవలేదు. నేనూ పిలవలేదు. పిలిచినట్టు మాలో ఒక్కరికీ వినిపించలేదు కూడా.

అలాగని మానేస్తామా? చలికాలమంతా ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం? ఇప్పటికీ వెళుతున్నాం. కాకపోతే వచ్చేసేటప్పుడు ఒక తేగ పొయ్యి గట్టు మీద పెట్టి వస్తున్నాం. తెల్లారి చూస్తే ఉండదు. నక్క తినేసి ఉంటుందిలే అంటుంది తలుపులమ్మ.

తింటే తింది. కానీ నక్క తొక్క ఒలిచి, నిలువునా చీల్చి, మధ్యలో పుల్ల తీసి పక్కన పెట్టి తింటుందా?