నాలుగు వరుసల చీటీ

"పదకొండున్నరకు పేషెంటుకు ఇంజెక్షన్. ఆపితే ముఠాకు అనుమానమొస్తది. అంతల విషం సీసా ఏదో కనిపెట్టు." ఇయర్‌పీస్‌లో చీఫ్ అనంతరావు గొంతు కరకుగా వినిపించింది.

ఏజెంట్ ప్రమోద్ వార్డ్‌బాయ్ వేషంలో ఉన్నాడు. అది మహారాష్ట్ర చంద్రపూర్‌లో ఒక క్యాన్సర్ ట్రయల్ సెంటర్. అక్కడ పరీక్షిస్తున్నది కొత్త మందు. క్యాన్సర్ కణం మీద ఇంటెగ్రిన్లనే రిసెప్టర్లుంటాయి. అవే దాని చేతులు. వాటితో చుట్టుపక్కల పట్టు దొరకబుచ్చుకుని పాకిపోతుంది. ఈ మందు ఆ చేతుల్ని కట్టేస్తుంది. దాని పేరు చెడగొట్టాలని ఒక విదేశీ ముఠా ఇవాళ్టి రెండు సీసాల్లో ఒకదాన్లో విషం నింపింది. ముఠాలో చొరబడ్డ మన మనిషి రాజన్న, ఆ గుట్టు తెలుగులో రాసి స్టోర్‌రూమ్‌లో వదిలాడు.

"తెలుగు సదువ వస్తది గదా?" అని చీఫ్ అడిగినప్పుడు ప్రమోద్ ఠక్కున "వస్తది సార్" అన్నాడు. అదే జిల్లాలో రాజురా వైపు పల్లె అతనిది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగులో ఒక్క అక్షరం రాదు.

ఇప్పుడు చీటీ చేతిలో ఉంది. నాలుగు వరుసలు. గుండీ కెమెరాతో ఫొటో పంపితే చీఫే చదువుతాడు. కానీ అబద్ధం బయటపడుతుంది. ప్రమోద్ గుండీని అరచేత్తో మూసేశాడు.

ఎర్రచీర మీద తెల్లకోటుతో ఏజెంట్ అక్షిత ఎదురొచ్చింది. డాక్టర్ వేషం ఆమెది.

"మేడం, అద్దాలు మర్చిపోయిన. జర సదువుండ్రి."

ఆమె కళ్లు చీటీ మీద పరుగెత్తాయి. "ఎర్రమూత సీసాల విషం." నవ్వి వెళ్లిపోయింది.

ప్రమోద్ ఎర్రమూత సీసా జేబులో వేసుకున్నాడు. నర్సు పచ్చమూత సీసాలోది సిరంజిలోకి ఎక్కించింది. ఇంజెక్షన్ వేయాల్సిన పేషెంటు, ఆదిలాబాద్ నుంచి పక్కనున్న కోర్‌పనాకు కోడలుగా వచ్చిన మల్లవ్వ, మంచం మీద తెలుగు పేపర్ చదువుకుంటోంది.

అప్పుడు ప్రమోద్‌కు తట్టింది. అక్షిత చెప్పింది ఒక్క వరుస. చీటీలో నాలుగున్నాయి!

"అవ్వా, గిది సదువు. జల్ది!"

"ఏందిరా, నీకు కండ్లు లేవా?"

వార్డంతా చూస్తోంది. ప్రమోద్ తల వంచుకున్నాడు. "నాకు... సదువ రాదవ్వా."

"మీసాలొచ్చినయ్ గని అక్షరాలు రాలేదా!" మల్లవ్వ చీటీ అందుకుంది. "పచ్చమూత సీసాల విషమున్నది. ఎర్రమూతది అసలు మందు. అక్షితను నమ్మకు. ఆమె వాళ్ల మనిషే."

సూది మల్లవ్వ చర్మాన్ని తాకింది. ప్రమోద్ సిరంజి లాగేసుకున్నాడు.

"సార్, అక్షితను గేటు కాడ పట్టుండ్రి! నాకు తెలుగు సదువ రాదు. అబద్ధమాడిన. ఆమెతోనే సదివిపిచ్చిన."

ఇయర్‌పీస్‌లో చీఫ్ కసిరాడు.

"ముందే చెప్తే నీదేం పోతుండెరా?"

"షరమైంది సార్, సిగ్గుకు చెప్పలే."

"గా షరానికి ముసలమ్మ పానం పోతుండె."

అక్షిత గేటు దగ్గరే దొరికిపోయింది. ఎర్రమూత సీసాను ల్యాబ్‌లో పరీక్షించాక, మధ్యాహ్నం మల్లవ్వకు అసలు మందు ఎక్కింది.

వారానికో ఇంజెక్షన్. ప్రతిసారీ ప్రమోద్ పలక పట్టుకుని ఆమె మంచం పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుతున్నాడు. ఈ డ్యూటీకి మారువేషం కావాలని చీఫ్‌ను రెండుసార్లు అడిగాడు. చీఫ్ ఒప్పుకోలేదు.