నీళ్ళు వదలొద్దు

"ఫైర్‌స్టేషన్‌కి ఒక్క మాట కూడా పొక్కకూడదు. ఇది టాప్ సీక్రెట్," అన్నాడు చీఫ్, ఫైలు మూసేస్తూ.

గుమాస్తాకి ఒళ్ళు మండిపోయింది. గుమాస్తా అన్నది గూఢచారి డిపార్ట్‌మెంటులో అతని కోడ్ పేరు. ఇంట్లోవాళ్ళకి మాత్రం అతను నిజంగానే మ్యాపుల ఆఫీసులో గుమాస్తా.

"పోయిన నెల రేవు గోదాంలో ముగ్గురు ఫైర్‌మన్లు పోయారు సార్. అక్కడ సోడియం ఉందని తెలీక నీళ్ళు కొట్టారు. ఆ రిపోర్టు మనం బీరువాలో పెట్టి తాళం వేశాం. నీళ్ళు కొట్టమన్నది వాళ్ళ ఆఫీసరు, మా బావ. ఆ ముగ్గుర్నీ తనే చంపానని సరిగ్గా అన్నం కూడా తినట్లేదు!"

"మనకి తెలుసని ఆ విదేశీ ముఠా పసిగడితే చేజారిపోతుంది. వాళ్ళ రెండో సరుకు ఎక్కడుందో కనుక్కో. అంతవరకే నీ పని."

ముఠా బాంబులూ టైమర్లూ పెట్టదు. కిరసనాయిల్లో ముంచిన సోడియం డబ్బాల పక్కన చిన్న మంట పెట్టి తప్పుకుంటుంది. మిగతా పనంతా ఫైరింజనే చేస్తుంది. నీళ్ళు తగలగానే ఆ లోహం హైడ్రోజన్ని వెళ్ళగక్కి, తన వేడితో తనే దాన్ని అంటిస్తుంది. కాపాడడానికి వచ్చినవాడి చేతే చంపించడమన్న మాట! తలుచుకున్నప్పుడల్లా గుమాస్తా పళ్ళు పటపట కొరికేవాడు.

మర్నాడు పొద్దున పదిన్నర దాటాక, గడ్డం అంటించుకుని లాండ్రీ షాపులో అడుగుపెట్టాడు. కౌంటర్ దగ్గర పచ్చ కోటు వేసుకున్న అందగత్తె నిలబడి ఉంది. డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటుంది.

"ఈ కోటు ఉతకొచ్చా?" అన్నాడు గుమాస్తా.

"తడపకండి. దులిపితే చాలు."

కోడ్ కుదిరింది. ఆమె అతని జేబులో చిన్న సీసా జారవిడిచింది. అందులో, నూనె అడుగున, చిక్కుడు గింజంత బూడిదరంగు ముక్క.

"టీకాల గోదాం నేలమాళిగలో అరవై డబ్బాలున్నాయి. పైన గ్రీజు అని లేబుళ్ళు. పదకొండుకి మంట."

"పావుగంటే ఉంది! ఇప్పుడా చెప్పేది?"

"నాకు తెలిసిందే ఇప్పుడు. అరుస్తావా, పరిగెడతావా?"

అతను పరిగెత్తాడు. వెళ్ళేసరికే నేలమాళిగ కిటికీలోంచి పొగ వస్తోంది, ఫైరింజను వాకిట్లో ఉంది. బావ హెల్మెట్ పెట్టుకుని, పైపు మూతిని కిటికీలోకి గురిపెట్టించాడు.

"బావా! నీళ్ళు వదలొద్దు!"

"నువ్వా? ఆ సగం ఊడిన గడ్డమేంట్రా? తప్పుకో, పైన నలభై మంది ఉన్నారు!"

"లోపలున్నది సోడియం. నీళ్ళు తగిలితే అందరూ పోతారు!"

"ఫైళ్ళు కుట్టుకునేవాడివి, నాకు మంటలార్పడం నేర్పుతావా? పంపు ఆన్!"

నీళ్ళతో పైపు ఉబ్బుకుంటూ వస్తోంది. గుమాస్తా దాన్ని మధ్యలో మడిచి పైన కూర్చున్నాడు. ఆఫీసిచ్చిన పెన్ను కెమెరా, వాచీ ట్రాన్స్‌మిటర్ ఎందుకూ పనికిరాలేదు. సీసా మూత పీకి, ముక్కని పక్కనున్న నీళ్ళ బకెట్లోకి విసిరాడు.

అది బుసకొడుతూ నీళ్ళమీద గిరగిరా తిరిగింది. పసుప్పచ్చని మంట లేచింది. ఠప్పుమని పేలి బకెట్ పల్టీ కొట్టింది.

"పంపు ఆపు!" బావ గొంతు చించుకున్నాడు. "పొడి ఇసుక తెండి!" తర్వాత బావమరిది వైపు తిరిగాడు. "రేవులో కూడా ఇదేనా?"

"ఇదే. నీ తప్పు లేదు. మా ఆఫీసుకి తెలుసు. నాకూ తెలుసు. చెప్పలేదు."

బావ అతని చెంప ఛెళ్ళుమనిపించాడు. గుమాస్తా పార అందుకున్నాడు. పక్కన కడుతున్న భవనం ఇసుకంతా నేలమాళిగలోకి దింపారు. మొదటి డబ్బాకి జానెడు దూరంలో మంట చచ్చింది. ఎదురు మేడ మీద తమాషా చూడ్డానికి కూర్చున్న ముఠా నాయకుడికి పచ్చ కోటు మనిషే బేడీలు వేసింది.

సాయంత్రం చీఫ్ బల్ల గుద్దాడు.

"సీక్రెట్ బయటపెట్టావు! ఇప్పుడది ఎంతమంది ఫైర్‌మన్లకి తెలుసో చెప్పు!"

"పదకొండు మందికి సార్," అన్నాడు గుమాస్తా. "అందరూ బతికే ఉన్నారు."