పాత ఐసు గోదాములో ఆఖరి గుంపు

పాత కట్టడాలు చూపించే గైడుకి చరిత్ర రాకపోయినా గడిచిపోతుంది, కాళ్ళు లేకపోతే మాత్రం గడవదు. నావి ఎప్పుడో అరిగిపోయాయి. పైగా గైడన్నాక వెనక్కి నడవాలి. చూపించేదానికి వీపు పెట్టి, గుంపు వైపు మొహం పెట్టి మాట్లాడాలి. ఎవరు వింటున్నారో, ఎవరు ఆవలిస్తున్నారో వాళ్ళ మొహాల్లోనే కనిపెట్టాలి. చేసీ చేసీ వంటింట్లోకి కూడా అలాగే వెళ్తున్నానని మా ఆయన వేళాకోళం.

ఆయన గుంపు చివర నడుస్తారు, వెనకబడ్డవాళ్ళని పోగుచేస్తూ. ఆ మధ్యే గుండెపోటు వచ్చి లేచిన మనిషి. భయం, కంగారు దగ్గరికి రానివ్వద్దు, మళ్ళీ వస్తే మన చేతుల్లో ఉండదని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది. ఇంట్లో కూర్చోమంటే వింటేగా! నువ్వొక్కదానివీ ఎంతమందిని కాస్తావంటూ వెంటపడి వస్తారు.

పేరున్న కట్టడాలు అందరూ చూపిస్తారు కాబట్టి మేం ఎవరికీ పట్టనివి చూపిస్తాం. ఆ సాయంత్రం ఆఖరి గుంపుతో, ఆఖరున, రేవు వెనక సందులోని ఐసు గోదాముకి వెళ్ళాం. కిటికీల్లేవు. గోడలు మహా మందం. ఒకప్పుడు ఐసు దిమ్మలు కరిగిపోకుండా రంపప్పొట్టులో కప్పి ఉంచేవారు. అది మూతపడింది మా అమ్మ పుట్టకముందు. పొట్టంతా ఊడ్చేసి నేల కడిగేశారు. అయినా లోపల అడుగు పెడితే తడిసిన పొట్టు వాసన గుప్పుమంటుంది.

టార్చి కప్పు వైపు ఎత్తి పట్టుకుని ఎప్పటి పాఠమే మొదలుపెట్టాను. నోరు దాని మానాన అది చెప్పుకుపోతోంది. మనసేమో ఇంటికెళ్ళి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంది.

ముందు నిలబడ్డ పెద్దాయన నవ్వుతూ తలవంచి పలకరించాడు. నన్ను కాదు. నా భుజం మీదుగా, నా వెనక ఎవరినో.

వేషం భలే కుదిరిందని ఆయన పక్కనున్న అమ్మాయి చప్పట్లు కొట్టింది. పక్కవీధి టూరువాళ్ళు నటులకి పాతకాలపు బట్టలు తొడిగి నిలబెడతారు. నాకా తంతు గిట్టదు. మేం ఎవరినీ పెట్టలేదు.

వెనక అడుగు చప్పుడు... పొట్టు మీద పడ్డట్టు, మెత్తగా.

తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు. అందరి చూపులూ మెల్లగా జరుగుతున్నాయి. మొదట ఎక్కడో దూరంగా ఉన్నాయి. తర్వాత నా భుజం దగ్గరకొచ్చాయి. తర్వాత నా చెవి పక్కనే ఆగిపోయాయి...

చెవికి గాలి తగిలింది. చల్లగా.

అప్పుడు చూశాను, అందరి వెనకా మా ఆయన మొహం. ఆ ఒక్క మొహంలోనే నవ్వు లేదు. ఆయన చెయ్యి గుండె మీదికి పోయింది.

నా భయం ఏమైపోయిందో తెలీదు. అరిస్తే ఈయన పోతారు. పరిగెత్తినా పోతారు. అదొక్కటే బుర్రలో తిరిగింది. ఇంతటితో అయిపోయింది, పదండి బాబూ అని అందరికీ చెప్పి, మొహాన నవ్వు పులుముకుని, ఆయన వైపు నడిచాను. గుంపు పక్కకి తప్పుకుంది. నా ఒక్కదానికి కావలసినదానికంటే ఎక్కువే దారి ఇచ్చారు.

"వెనక్కి చూడకు," అని గొణిగారాయన.

"నొప్పిగా ఉందా?"

"లేదు... చూడకు. అంతే."

బయటికొచ్చాక అందరూ మెచ్చుకున్నారు. వేషం కట్టిన మీ మనిషి మాట్లాడడా అని పెద్దాయన అడిగాడు. గొంతు బాలేదని చెప్పి పంపేశాను. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా మా ఆయన దారంతా నిలబడే వచ్చారు. కూర్చోమని ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపారు.

ఇల్లు చేరగానే ఆయన నాడి పట్టుకుని చూశాను. నిదానంగా కొట్టుకుంటోంది. భయంగా ఉందా అంటే, ఇప్పుడేం లేదన్నారు. హమ్మయ్య, మనిషి దక్కాడనుకున్నాను. ఏడుపు కూడా వచ్చింది. మిగతాదేదైనా రేపు చూసుకోవచ్చని మంచం మీద నడుం వాల్చబోయాను.

"ఆగు," అన్నారు.

మంచం మీదికి వంగి, నేను పడుకునే చోటు వైపు చూస్తూ, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు, ఓపిగ్గా అన్నారు.

"కాస్త అటు జరగండి. మా ఆవిడ పడుకోవాలి."

మంచం కిర్రుమంది.