దేవిడి దిగుడు మీద ఇస్సాకు కట్టిన బ్రేకు

మొఘల్‌పురాల తాళమేసిన దేవిడి, అంటే నవాబుల నాటి పెద్ద బంగ్లా, ఒకటి ఉండె. సడక్ ఏటవాలుగ దిగి, సీదా దాని గేటు మీదికే వచ్చి, అక్కడ పక్కకు మళ్ళుతది. పొద్దుగూకినంక ఆ దిగుడుకు బండి తోలాలంటే జంకేటోళ్ళు. దేవిడిల ఒంటిగ సచ్చిపోయిన ముసలమ్మ — బడీమా అనేటోళ్ళు — ఎనకనుంచి రెండు చేతులు పెట్టి నూకుతదని బస్తీ అంతట మాట. ఒక సైకిలోడు పడ్డడు. ఒక జట్కా బోల్తా కొట్టింది. ఎవలనడిగినా ఒక్కటే... బడీమా నూకింది.

డెబ్బై నాలుగుల, వానలు ఎనకబట్టినంక, విశ్వేశ్వర్ సేటు పడ్డడు.

ఆయనది బెల్లం కొట్టు. వాళ్ళ నాయిన ఇడిసిపోయిన యుద్ధం నాటి ఇంగ్లీషు మోటార్‌సైకిలంటే పానం. ఆ రాత్రి ఎనక బెల్లం బస్తా కట్టుకొని వస్తుంటే, బండి ఆగక పోయి గేటు స్తంభానికి గుద్దింది. కాలు రెండు చోట్ల ఇరిగింది.

చూడబోయిన మెకానిక్ ఇస్సాకు చెయ్యి పట్టుకున్నడు సేటు.

"నీ తప్పు లేదు భాయ్. బ్రేకు తొక్కిన... ఎనకనుంచి నూకింది."

ఇస్సాకు తలూపి వచ్చిండు గాని, ఆ మాట మింగుడు పడలె. ఆ బండికి ఎనక బ్రేకు కట్టింది ఆయనే. పదిహేను దినాల కింద.

ఆ బండికి సామాను దొరుకుడు బందయ్యి ఏండ్లయింది. అందుకని దేశీ బండి బ్రేకు షూలు తెచ్చి, ఆకురాయితోని అరగదీసి, ఆ డ్రమ్ముల కూసోబెట్టిండు.

ఇరిగిన బండి షెడ్డుకు రాంగనే ఎనక చక్రం ఊడదీసిండు. చూసిండు. మల్ల చూసిండు...

పెడల్ తొక్కితే రెండు షూల నడుమ చిన్న ఇనుప కామ్ తిరిగి, వాటిని డ్రమ్ముకు ఒత్తాలె. ఈ షూలు ఎంట్రుకవాసి కురచ. కామ్ తిరగాల్సినదానికంటే ఎక్కువ తిరిగి అవతలకు ఒరిగింది. పట్టు పోయింది. కట్టిన దినమే పెడల్ మస్తు కిందికి పోతున్నదని ఇస్సాకు కాలికి తెలిసింది. రాడ్డు నట్టు ఇంకో రెండు చుట్లు బిగించి, సాలు తీయ్ అనుకున్నడు.

భార్య లీలమ్మ సద్ది తెచ్చి పక్కన కూసున్నది. అంతా విని, గొంతు తగ్గించి అన్నది.

"అందరు దయ్యమే అంటుండ్రు. సేటే అంటుండు. నువ్వెందుకు నోరు తెరుస్తవు? రేపటిసంది షెడ్డుకు ఎవడొస్తడు?"

"దయ్యం చాటుకు దాసుకొని బతకాల్నా లీలమ్మా?"

"దాసుకోమంటలేను. ఊకె ఉండమంటున్న."

"రెండు ఒకటే."

కురచ తీరెటట్టు గట్టి ఇనుప పట్టీ కోసి, షూల కొసలకు టోపీల తీరుగ తొడిగిండు. పెట్టుడు, తీసుడు, అరగదీసుడు, మల్ల పెట్టుడు. రెండు దినాలు పట్టింది. ముంగట వంగినదంతా సరిచేసిండు. పగలు తోలి ఆగిందని చెప్తే, పగలు దయ్యం ఉండదు గద అంటరు. అందుకని చీకటి పడ్డంకనే పోవాల్ననుకున్నడు. ముంగటి బ్రేకు ఆపిందనకుండ దాని తీగ ఊడదీసిండు. సేటు బస్తాకు సరితూగే ఇసుక బస్తా ఎనక కట్టిండు.

లీలమ్మ గుమ్మంల నిలబడి సిలువ గుర్తు వేసుకున్నది.

దిగుడు నెత్తిన బండి ఆపిండు. కింద గేటు నల్లగ... కుక్క గూడ మొరుగుతలేదు.

"నూకు. చూస్త," అన్నడు చీకటితోని.

బండి దిగింది. గాలి చెవులల్ల కొడుతున్నది. గేటు మీదికి వస్తున్నది... ఇంకా దగ్గరికి...

నడుముకు తగిలింది.

రెండు చేతులు ఆనిచ్చినట్టే. మెత్తగ... బరువుగ... నూకుతున్నది.

ఒళ్ళంత జల్లుమన్నది. కాలు మాత్రం తప్పలె. తొక్కిండు.

పెడల్ సగం దిగి గట్టిగ నిలబడ్డది. చక్రం సడక్‌ను గీసుకుంట, గీసుకుంట — స్తంభానికి మూరెడు దూరంల ఆగింది.

ఎనకకు చెయ్యి పెట్టిండు. ఇసుక బస్తా. తాడు వదులయ్యి, ముందుకు జారి, నడుముకు ఆనుకున్నది. సేటును నూకింది గూడ బెల్లం బస్తానే.

ఇస్సాకుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎనకనే సిగ్గయింది. గేటు దిక్కు తిరిగి నిలబడ్డడు.

"నీ తప్పు లేదు బడీమా. ఆ దినం ఆగంది నా బ్రేకు. తెలిసి గూడ ఇడిసిపెట్టిన."

జవాబుకోసం అనలె. అనాలనిపించి అన్నడు.

గేటు అవతల ఎండుటాకులు కదిలినయ్. తర్వాత ఒక గొంతు... ముసలిది, సన్నది. ఉర్దూల మాట్లాడింది. మన మాటల్ల చెప్పాలంటే —

"ఇన్నేండ్లకు ఒక్కడన్న ఒప్పుకున్నడు."

ఇస్సాకు బ్యాటరీ లైటు ఎత్తిండు. తాళం తుప్పుపట్టి ముద్దయింది. గేటు సందున సాలెగూడు తెగలె. లోపల మనిషి లేదు.

ఉరకాలనిపించింది. ఉరకలె.

"పొద్దుగాల... నలుగుర్ల గూడ అంటవా బేటా?"

ఈసారి గొంతు గేటు ఇవతలనుంచే వచ్చింది. చెవి పక్కనుంచి.

"అంట," అన్నడు ఇస్సాకు.

తెల్లారి సేటింటికి పోయి, వచ్చిపోయేటోళ్ళ ముంగట, మంచం కాడ నిలబడి అన్నడు. కురచ షూలు, రెండు చుట్లు, జారిన బస్తా — ఏదీ దాసలె. రాత్రి ఇన్న గొంతు ముచ్చట మాత్రం చెప్పలె. కొందరు ముక్కు ఇరిచిండ్రు. నీ షెడ్డుకు ఇగ రామని ఒకాయన మొఖం మీదనే అన్నడు. ఇస్సాకు తల దించలె.

అందరు పోయినంక సేటు దగ్గరికి రమ్మని సైగ చేసిండు. మొఖం తెల్లగ పాలిపోయి ఉన్నది.

"నేను గూడ ఒకటి దాసిన భాయ్," అన్నడు వినీ వినపడకుండ. "ఆ రాత్రి దిగుడు నెత్తిన... నన్నెవలూ నూకలె. చెవిల ఒక ముసలమ్మ అన్నది. ఇని గూడ నేను ఆగలె..."

"ఏమన్నది?"

"బస్తా జారుతున్నది, చూసుకో బేటా అని."